మిర్యాలగూడలో రెండో భోజనం

హైదరాబాదు నుంచి సూర్యాపేటకు రోడ్డు మీద నూట ముప్పై నాలుగు కిలోమీటర్లు. 1971 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఉదయం ఐదూ నలభైకి బయలుదేరిన మా బస్సు తొమ్మిదీ ఇరవైకి అక్కడికి చేరింది. సూర్యాపేట నుంచి కోదాడకు నలభై నాలుగు కిలోమీటర్లు, కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు యాభై అయిదు, మిర్యాలగూడ నుంచి తిరిగి సూర్యాపేటకు సుమారు యాభై. ఈ త్రికోణాన్ని మూడు రోజుల్లో చుట్టిరావాలి. నాతో వచ్చిన మా పెద్దసారు వయసు యాభై నాలుగేళ్ల నాలుగు నెలలు, బరువు యాభై రెండు కిలోలు. ఆయన చేతిసంచిలో సుద్దనీళ్ల వంటి మందు సీసాలు రెండు ఉన్నాయి. అవి పగలకుండా తువ్వాలులో చుట్టిపెట్టింది నేనే.

వరి మిల్లుల యజమానులూ, మావంటి సాంకేతిక ఉద్యోగులూ కలిసే సదస్సు అది. మొదటిరోజు సూర్యాపేటలో ప్రసంగాలు, రెండోరోజు కోదాడలో మిల్లుల సందర్శన, మూడోరోజు మిర్యాలగూడలో యంత్రాల ప్రదర్శన. కొత్త ఆనకట్ట ఎడమ కాలువ నీళ్లు వచ్చాక ఆ ప్రాంతంలో వరి పెరిగింది. కోతల సమయంలో వాన పడితే తడిసిన వడ్లు ఆరబెట్టడానికి కళ్లాలు చాలడం లేదు. మరోవైపు మిల్లుల వెనుక ఊక గుట్టలుగా పడి ఉంటోంది. ఆ ఊకనే మండించి, పొగ తగలకుండా వేడిగాలిని మాత్రమే వడ్లలోకి పంపే పొయ్యిని సారు ఆరేళ్లు కష్టపడి తయారుచేశారు. మార్చి నెలాఖరులోగా ముగ్గురు మిల్లు యజమానులు బయానా కట్టి పొయ్యి తీసుకుంటేనే మా ప్రభుత్వ వర్క్‌షాపు మరుసటి ఏడాది నడుస్తుంది. లేకుంటే మూసివేస్తారు. సారు ఎనిమిది నెలల్లో పదవీ విరమణ చేస్తారు కనుక ఆ పొయ్యికి మరో అవకాశం లేదు.

సారుకు కడుపులో పుండు. కారం, పులుపు ముట్టవద్దనీ, నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండవద్దనీ డాక్టరు చెప్పారు. ఈ సంగతి మిల్లు యజమానులకు తెలియకూడదని సారు నాకు చెప్పారు.

"తెలిస్తే ఏమవుతుంది సార్?" అని బస్సులో అడిగాను.

"పగులు కనబడ్డ బాయిలరు ఎవరైనా కొంటారటోయ్?" అన్నారాయన. ఆయనది గోదావరి జిల్లా. "పొయ్యి ఒక్కదాన్నే కాదు, రేపు అది మొరాయిస్తే వచ్చి బాగుచేసే మనిషిని కూడా చూసుకుని కొంటారు వాళ్లు. ఆ మనిషే మజ్జిగన్నం తింటూ మూలుగుతుంటే, ఎన్నాళ్లుంటాడో అని లెక్క వేస్తారు."

కాబట్టి ఆ మూడు రోజుల్లో నా బాధ్యత యంత్రానికి సంబంధించినది కాదు. ప్రతి ఊళ్లోనూ సారు తినగల భోజనం దొరికే చోటు వెతకాలి. అది సదస్సుకు వచ్చినవారి కంటపడని చోటు కావాలి.

ఊరూరా తిరిగే ఉద్యోగం కావడం చేత అప్పటికే నాకు కొన్ని సూత్రాలు ఏర్పడి ఉన్నాయి. బస్సులు ఆగేచోట ఉండే హోటలు మళ్లీ రాని మనుషుల కోసం వండుతుంది కనుక దాన్ని నమ్మకూడదు. ఎక్కడ తినాలని ఊరివాణ్ణి అడగకూడదు, అతడు తన ఇంట్లో తింటాడు. లాడ్జివాణ్ణి అడిగితే బావమరిది హోటలు చూపిస్తాడు. అడగవలసింది ఆ ఊరికి బదిలీ మీద ఒంటరిగా వచ్చి కనీసం ఆరు నెలలైన చిన్న ఉద్యోగిని. తిండి విషయంలో అతనంత శాస్త్రీయంగా ఊరిని పరిశోధించినవాడు మరొకడుండడు.

కానీ సూర్యాపేటలో దిగేసరికి సారు ఖాళీ కడుపుతో మూడున్నర గంటలు గడిచాయి. పరిశోధనకు సమయం లేక నా మొదటి సూత్రాన్ని నేనే ఉల్లంఘించి బస్టాండు ఎదుటి హోటలులోకి తీసుకెళ్లాను. ఉప్మా ఉంది. దానిలో పచ్చిమిరపకాయలు నిలువుగా చీలి, ఏరడానికి అనువుగానే ఉన్నాయి కానీ, వాటి పని అవి అప్పటికే చేసి ఉన్నాయి. మధ్యాహ్నానికైనా కారం లేకుండా ఏదైనా వండుతారా అని వడ్డించే అతన్ని అడిగాను.

"జర తక్కువ కావాల్నా, మొత్తమే వద్దా?"

"మొత్తమే వద్దు."

అతను సారువంక, నావంక చూశాడు. "మొత్తమే వద్దంటే దవాఖానకు పోవాలె సార్. గీడ గాదు. గాడ బ్రెడ్డు ఇస్తరు."

సారు నవ్వారు. రెండు చెంచాల మందు తాగి, కాఫీ వద్దని పాలు తెప్పించుకున్నారు.

సదస్సు ధాన్యం మార్కెట్టు ఆవరణలో, రేకుల షెడ్డు కింద. మధ్యాహ్నం భోజనం పందిట్లోనే. పప్పులో ఎండుమిర్చి, వంకాయ కూర మీద అంగుళం మందాన ఎర్రటి నూనె, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు. నేను తిన్నాను, చాలా బాగుంది. సారు జాబులు రాయాలన్న నెపంతో లాడ్జిలోనే ఉండి నేను కొనుక్కెళ్లిన అరటిపండ్లు తిన్నారు. అరటిపండ్లతో మూడు రోజులు గడవవు. సాయంత్రం పోస్టాఫీసుకు వెళ్లి, తిరుమలగిరి నుంచి ఏడాది కిందట బదిలీ మీద వచ్చిన గుమాస్తాను పట్టుకున్నాను.

"రాత్రికైతే పాలు, అన్నం దొరుకుతయి. మా మెస్సాయనకు నేను చెప్త," అన్నాడతను. "గని కడుపుకు సల్లగుండాల్నంటే పొద్దుగాల గట్క తినుండ్రి. జొన్న గట్కల మజ్జిగ పోస్కొని."

"ఏ హోటల్లో దొరుకుతుంది?"

"గట్క హోటల్ల ఎవలమ్ముతరు సార్? ఇంట్ల లేనోళ్లు తినేదాన్ని పైసలిచ్చి ఎవలు కొంటరు? మార్కెట్టు ఎన్కగేటు కాడ ఒక ఆమె హమాలీలకు పోస్తది. ఎనిమిదింటికి పోతే ఖతం. ఏడింటికే పోవాలె."

శనివారం ఉదయం ఏడింటికి ఐదు నిమిషాల ముందే అక్కడున్నాం. గోడవారగా కుండ, సత్తుగిన్నెలు, పక్కన మజ్జిగ బిందె పెట్టుకుని నడివయసు స్త్రీ కూర్చుని ఉంది. పదిమంది దాకా హమాలీలు గొంతుకూర్చుని తింటున్నారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న ఇద్దరిని చూసి ఆమె గరిటె ఆపింది.

"ఏంది సారు, లైసెన్సు అడుగుతరా?"

"కాదమ్మా, తినడానికి వచ్చాం," అన్నారు సారు.

"గట్క తింటరా మీరు?" అని ఆమె హమాలీలవైపు తిరిగింది. "ఇగ అయిపాయె. సార్లు గట్కకొచ్చిన్రు, మీరు రేపటిసంది ఉప్మాకు పోవాలె."

"మాకు ఉప్మా పెడితే బస్తాలు సార్లు మోస్తరా?" అన్నాడొకతను. అందరూ నవ్వారు. ఇద్దరు జరిగి చోటిచ్చారు.

జొన్నరవ్వ ఉడికించి చేసే ఆ గట్కను సారు అంతకుముందు ఎన్నడూ తినలేదు. మొదటి ముద్ద పరీక్షగా తిన్నారు. తర్వాత ఆగకుండా గిన్నె పూర్తిచేసి, రెండోది పోయించుకున్నారు. ఉల్లిగడ్డ వద్దన్నారు, ఉప్పు చాలన్నారు. లేచేటప్పుడు కడుపు మీద చేయి వేసుకుని, "ఈ ఎనిమిది నెలల్లో కడుపులో మంటలేని పొద్దు ఇదేనయ్యా," అన్నారు. ఆ మూడు ఊళ్లలో నేను కనుగొన్న భోజనస్థలాల్లో ఇప్పటికీ నేను మొదటి స్థానం ఇచ్చేది ఆ గోడవారకే.

ఎనిమిదిన్నరకు సదస్సువారి బస్సులో కోదాడ బయలుదేరాం. మా పక్క సీటులో మోతె వైపు మిల్లు ఉన్న యజమాని కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. భారీ మనిషి, భోజనప్రియుడు. దారి పొడవునా ఏ ఊళ్లో ఏది బాగుంటుందో చెబుతూనే ఉన్నాడు. పొయ్యి మీద ఆయనకు ఆసక్తి ఉంది. మిర్యాలగూడ సావుకారు తీసుకుంటే తానూ తీసుకుంటానని ముందే చెప్పాడు. ఆ సావుకారు మిల్లులోనే మా పొయ్యిని బిగించి ఉంచాం. వారం ముందే లారీలో పంపి, మా ఫిట్టర్లు వెళ్లి నిలబెట్టి వచ్చారు. వ్యాపారంలో ఆయన మాటకు చుట్టుపక్కల విలువ ఉంది. కోదాడలో మరో మిల్లు యజమాని కూడా, ఆ ఇద్దరూ తీసుకుంటే మూడోవాణ్ణి నేనుంటానన్నాడు. అంటే ముగ్గురి నిర్ణయమూ నిజానికి సావుకారు ఒక్కడి నిర్ణయమే.

కోదాడలో ఉద్యోగిని వెతికే అవసరం లేకపోయింది. సరిహద్దు దగ్గరి ఊరు కావడంతో భోజనం ఆంధ్ర పద్ధతిలోకి మళ్లింది. రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న మెస్సులో ముద్దపప్పు, నెయ్యి, గడ్డపెరుగు ఉన్నాయని వాసన బట్టే తెలిసింది. మేం కూర్చుని ఐదు నిమిషాలైనా కాకముందే మోతె ఆయన లోపలికి వచ్చి మా బల్ల దగ్గరే కూర్చున్నాడు. మంచి భోజనం ఎక్కడుందో ఆయనకూ తెలుసన్న విషయం నేను లెక్కలోకి తీసుకోలేదు.

"గోంగూర వేయమంటారాండీ? ఆవకాయ కొత్తది లేదు, పాతదే ఉంది," అన్నాడు మెస్సు యజమాని.

"నాకొద్దండి. పప్పూ, నెయ్యీ చాలు," అన్నారు సారు.

మోతె ఆయన గోంగూర కలుపుకుంటూ ఆగాడు. "ఏంది సారు, తొక్కు ముట్టరు, కూర ముట్టరు. నిన్న పందిట్ల సుతం కానరాలే. పానం బాగలేదా ఏంది?"

సారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఇవాళ శనివారం కదండీ. నాకు మొక్కు ఉంది. శనివారం కారం తినను."

"మరి నిన్న?"

"నిన్న జాబుల పని. ఏదో తినేశాను."

మోతె ఆయన ముఖంలో గౌరవం కనిపించింది. ఎడమచేత్తో తన నీళ్లగ్లాసు పక్కకు జరిపి సారు విస్తరికి చోటిచ్చాడు. "మంచిది సారు. మా నాయిన సుతం శనివారం ఒక్కపొద్దుండె. రేపు ఆదివారమే గద? సావుకారింట్ల తిందురు తియ్యి. మనం ముగ్గురం ఆయనింటికే పోవాలె రేపు. నేను కబురు చెప్పి పంపిస్త."

ఏ కబురో అప్పుడు మాకు అర్థం కాలేదు. సదస్సు భోజనం పందిట్లోనే కదా, మర్యాదకు అంటున్నాడనుకున్నాం. ఆ సాయంత్రం మిర్యాలగూడ వెళ్తున్న లారీ డ్రైవరుకు ఆయన చెప్పి పంపిన మాట ఇది: పెద్దసారు మొక్కు మీద ఉండి ఇయ్యాల సప్పటిది తిన్నడు, రేపు ఇడుస్తడు, కడుపునిండ పెట్టు. ఈ సంగతి నాకు మరునాడు తెలిసింది.

ఆదివారం ఉదయం ఏడూ పదికి కోదాడ నుంచి బయలుదేరి, మధ్యలో హుజూర్‌నగర్‌లో ఒకసారి ఆగి, తొమ్మిదీ పదిహేనుకు మిర్యాలగూడ చేరాం. సారు నేరుగా మిల్లుకు వెళ్లి పొయ్యి చూసుకున్నారు. నేను బస్టాండు దగ్గర నా పద్ధతి ప్రకారం విచారించి, కాలువ పనుల రోజుల్లో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక వితంతువు నడిపే చిన్న మెస్సు కనుక్కున్నాను. ఓవర్సీర్లూ టీచర్లూ తినే చోటు అది. సొరకాయ పాలుపోసిన కూర, మెంతి మజ్జిగ. పదకొండున్నరకు సారును తీసుకెళ్లాను. ప్రదర్శన పన్నెండున్నరకు మొదలై మూడు గంటలు సాగుతుంది, అంతసేపూ ఆయన నిలబడి మాట్లాడాలి. కాబట్టి కడుపు చల్లగా ఉంచుకుని వెళ్లడమే సరైన లెక్క. సారు తృప్తిగా తిన్నారు. ఆ లెక్కలో తప్పేమీ లేదు, ఇతరుల భోజనం దానిలో చేర్చలేదన్నది తప్పిస్తే.

పన్నెండూ ఐదుకు మేం మిల్లుకు వెళ్లేసరికి సావుకారు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, దాదాపు సారు వయసువాడే. తెల్లటి ధోతి, భుజం మీద తువ్వాలు. మిల్లు వెనకే ఇల్లు. నూనె కాగిన వాసన, భక్ష్యాల వాసన గేటు దాకా వస్తోంది.

"రాండ్రి సారు. కాళ్లు కడుక్కోండ్రి. ఇస్తార్లు ఏసిన్రు."

సారు చేతులు జోడించారు. "మన్నించాలండి. మేం భోజనం చేసే వచ్చాం."

"ఎక్కడ తిన్నరు?"

"బస్టాండు దగ్గర. ఆకలైతేనూ."

సావుకారు భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్లీ వేసుకున్నాడు. "మంచిది. అయితే ముందుగాల పని సూద్దాం," అన్నాడు. ఆయన వెనక నిలబడ్డ మోతె ఆయన నావైపు చూసిన చూపులో కోపం కన్నా దుఃఖం ఎక్కువగా ఉంది.

ప్రదర్శన నేను చూసినవాటిలో ఉత్తమమైనది. వేడిగాలిలో ఎక్కడా అనుకున్నదానికి రెండు డిగ్రీలకు మించి తేడా రాలేదు. పది బస్తాల తడి వడ్లు రెండు గంటల ఇరవై నిమిషాల్లో ఆరాయి. ఆరిన వడ్లను అక్కడే పట్టించి, బియ్యం చేటలో పోసి చూపారు. కళ్లంలో ఆరినవాటికన్నా నూక తక్కువగా ఉందని చూస్తేనే తెలుస్తోంది. యజమానులు గుప్పిట్లో పోసుకుని, పంటికింద కొరికి చూశారు. సారు మూడు గంటలు నిలబడే మాట్లాడారు. అలసట తెలియనివ్వలేదు.

అందరూ సావుకారు ఏమంటాడా అని చూశారు. ఆయన బియ్యం చేటలోకి తిరిగి జారవిడిచి, "బాగనే ఉంది. ఆలోచన చేసి చెప్త," అన్నాడు. తక్కినవాళ్లు చెదిరిపోయారు.

సారు ముఖం చూడలేక నేను బావి దగ్గరికి వెళ్లాను. మోతె ఆయన అక్కడ ముఖం మీద నీళ్లు చల్లుకుంటున్నాడు.

"ఆలోచన ఏముందండీ? బాగానే ఉందని ఆయనే అన్నారు కదా," అన్నాను.

"బియ్యం బాగున్నయి. తినేటందుకు మనుషులే లేరు," అన్నాడాయన. "నీకు జర అన్న తెల్వదా? ఆ ఇంట్ల పిలిసిన సుట్టం ఇస్తారి ముందట కూసుంటేనే తక్కినోళ్లు తినాలె. వాళ్ల తాతలకాడిసంది అంతే. పొద్దటిసంది పొయ్యి కాడ ఆడోళ్లు. పసిపిల్లలకు తప్ప ఎవ్వలకూ పెట్టలే. పెద్దమ్మకు డెబ్బై ఏండ్లు, ఆమె సుతం నీళ్ల మీదనే ఉన్నది."

"మరి మీరు?"

"నేను సుట్టపోన్ని గానా? నా ఇస్తారి సుతం గాడనే ఉన్నది. బోర్లేసి ఉన్నది," అని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మూడు దాటింది. నా జన్మల గింతసేపు ఆకలి మీద ఎన్నడుండలే. మీ సారు మొక్కు ఆదివారం సుతం ఉన్నదని ముందే చెప్తే ఏం పోయె?"

నేను వెళ్లి సారుతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన చేతులకంటిన ఊకబూడిద దులుపుకుంటూ విన్నారు. అసలు సంగతి చెప్పేద్దామనీ, వాళ్లు అర్థం చేసుకుంటారనీ అన్నాను.

"ఇప్పుడు చెబితే రెండు అబద్ధాలు బయటపడతాయి. మొక్కూ లేదు, ఆరోగ్యమూ లేదు," అన్నారు. కొంచెం సేపు పొయ్యివంక చూశారు. "పదవోయ్. అంతమందిని పస్తుపెట్టి మనం యంత్రాలు అమ్మడమేమిటి?"

ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్లి, "పెద్దమ్మా, ఆకలేస్తోంది. పెడతారా?" అని అడిగారు.

లోపల గోడకు ఆనుకుని కూర్చున్న సావుకారు తల్లి లేచింది. "అయ్యో కొడుకా, అడుగుడేంది? కూసో," అంది.

మూడూ నలభైకి విస్తళ్లు మళ్లీ తిప్పి వేశారు. సారు, మోతె ఆయన, నేను. పులిహోర, గారెలు, గుత్తి వంకాయ, పండుమిరపకాయ తొక్కు, చింతకాయ తొక్కు, పచ్చిపులుసు, భక్ష్యాలు. నిన్న చప్పిడి తిన్న మనిషని పెద్దమ్మ ప్రతిదీ రెండుసార్లు వేసింది. నేను భక్ష్యాలు ముందుకు జరిపాను, పెరుగు అడిగాను. పెరుగు చివర్నే అంది ఆమె. సారు దేన్నీ పక్కకు నెట్టలేదు. నుదుట చెమట పట్టింది. పండుమిరపకాయ తొక్కు కలుపుకుని, "బాగుందమ్మా," అన్నారు.

"గదీ తిండంటే," అన్నాడు మోతె ఆయన, నాలుగో గారె తుంచుతూ. "నిన్న మీ పప్పు సూసి నాకే ఏడుపొచ్చింది సారు."

మేం లేచి చేతులు కడుక్కున్న తర్వాత సావుకారు కూర్చున్నాడు. సారు మర్యాదకు అక్కడే అరుగు మీద కూర్చున్నారు. పెద్దమ్మ లోపలినుంచి వేరే గిన్నెలు తెచ్చింది. కొడుకు విస్తరిలో మెత్తటి అన్నం వేసింది. దాని మీద ఉప్పు తప్ప మరేదీ వేయని పెసరపప్పు, చప్పటి బీరకాయ, తర్వాత మజ్జిగ. తొక్కు పెట్టనేలేదు.

సారు చూశారు. నేనూ చూశాను.

"మీరు... కారం తినరా?" అన్నారు సారు.

"పదేండ్లాయె సారు," అన్నాడు సావుకారు, పప్పు కలుపుకుంటూ. "కడుపుల పుండంట. హైదరాబాదుల పెద్ద డాక్టరు సూసిండు. కారం తింటే సస్తవన్నడు. సుట్టాలకు సప్పటిది పెడితే బాగుండది గద, అందుకే ముందుగాల వాళ్లకు పెట్టి ఎన్కకు నేను తింట. ఎవ్వలకు తెల్వది. మీరు ఇంటి మనిషి లెక్క అడిగి తిన్నరు, మీకెందుకు దాసుడు?"

సారు తన చేతిసంచి తెమ్మని నాకు సైగ చేశారు. తువ్వాలు విప్పి, సగం ఖాళీ అయిన సీసా తీసి అరుగు మీద పెట్టారు. సావుకారు ముద్ద చేతిలోనే ఉంచుకుని సీసాను చూశాడు. ఆ మందు ఆయనకు చూడగానే తెలిసినట్టుంది.

"మరి ఎందుకు తిన్నరు?" అన్నాడు నెమ్మదిగా.

"మీ ఇంట్లో ఎవరూ తినలేదని తెలిసింది."

పెద్దమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. "గా మాట ముందుగాల ఒక్కటి చెప్తే, ఇదే పప్పు ఇద్దరికి ఒండకపోదునా? పొయ్యి మీద గిన్నె ఉండనే ఉండె. ఏం సదువులు సదివిన్రు బిడ్డా మీరు?"

మోతె ఆయన సీసావంక, సారువంక మార్చిమార్చి చూశాడు. ఆయనకు అప్పుడే శనివారం మొక్కు గుర్తొచ్చిందని నా అనుమానం.

సావుకారు ఆ సాయంత్రమే బయానా ఇచ్చాడు. పొయ్యి బాగుందని తనకు ఒంటిగంటకే తెలిసిందనీ, అయితే తన ఇంట అన్నం ముట్టని మనిషితో లావాదేవీ పెట్టుకోవడం ఇంటి పద్ధతి కాదనీ చెప్పాడు. మోతె ఆయన కూడా ఇచ్చాడు. కోదాడ యజమాని అప్పటికే వెళ్లిపోయాడు. ఆయనకు కబురు పంపితే సరేనన్నాడు, వారంలో డబ్బు పంపుతానన్నాడు.

సోమవారం ఉదయం హైదరాబాదుకు తిరుగు ప్రయాణంలో, సూర్యాపేట ఇంకా పదకొండు కిలోమీటర్లు ఉందనగా సారు కిటికీలోంచి వాంతి చేసుకున్నారు. నల్లగా ఉంది. సూర్యాపేటలో దించి సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. పుండు నుంచి రక్తం పోతోందన్నారు. పదకొండు రోజులు అక్కడే ఉండవలసి వచ్చింది. నేనూ ఉన్నాను.

మొదటి మూడు రోజులు పాలు మాత్రమే. నాలుగో రోజు నుంచి మెత్తటి ఆహారం ఇవ్వవచ్చన్నారు. మరునాడు మధ్యాహ్నం, సోమవారం మమ్మల్ని దించిన మిర్యాలగూడ బస్సు కండక్టరే సావుకారు ఇంటినుంచి ఒక టిఫిన్ క్యారియర్ తెచ్చి వార్డులో ఇచ్చాడు. మెత్తటి అన్నం, ఉప్పు వేసిన పెసరపప్పు, బీరకాయ. అప్పటినుంచి రోజూ వచ్చింది. యాభై కిలోమీటర్లు ప్రయాణం చేసిన పప్పు గోరువెచ్చగా ఉండేది. పొద్దున పూట నేను మార్కెట్టు వెనుకగేటుకు వెళ్లి, జొన్న గట్క పలుచగా కలిపించి తెచ్చేవాణ్ణి. ఆమె వివరమడిగి, ఆ తర్వాత మజ్జిగను మరోమారు చిలికి, వెన్న తీసి ఇచ్చేది. "ఇగ సార్లు నా గట్క గిరాకీయే. దవాఖానోళ్లు నాకు జీతమియ్యాలె," అనేది.

ఏడో రోజున కోదాడ యజమాని చూడవచ్చాడు. కొబ్బరిబోండాలు తెచ్చాడు. సారు లేచి కూర్చుని పొయ్యి గురించి మాట్లాడబోతే, "అవన్నీ తర్వాతండీ, ముందు మీరు కోలుకోండి," అన్నాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. బయటికి వచ్చాక వరండాలో నన్ను అడిగాడు: "ఈయన కాకపోతే ఆ పొయ్యి బాగుచేసేవాళ్లు ఇంకెవరున్నారండీ?" నేనున్నానన్నాను. నా వయసు అప్పటికి ఇరవై ఏడు. తల ఊపి వెళ్లాడు. బయానా రాలేదు. బాయిలరు గురించి బస్సులో సారు అన్నమాట ముగ్గురిలో ఒకరి విషయంలో నిజమైంది. తక్కిన ఇద్దరి విషయంలో కాలేదు.

సావుకారు మిల్లులోని పొయ్యి 1978 దాకా పనిచేసింది. రెండుసార్లు జల్లెడ మార్చడానికి వెళ్లాను. రెండుసార్లూ గేటులోనే నాకు కారం పడుతుందా పడదా అని అడిగి, ఆ తర్వాతే విస్తరి వేశారు. సారు విరమణ తర్వాత ఒకసారి నాతో వచ్చారు. సావుకారూ ఆయనా ఎదురెదురుగా కూర్చుని ఒకే గిన్నెలోని పప్పు తిన్నారు. ఆ ఇంట్లో ఆతిథ్యమిచ్చేవాడు అతిథితోపాటు కూర్చుని తినడం అదే మొదటిసారని పెద్దమ్మ చెప్పింది.

ఆ ప్రయాణానికి మూడు రోజులనుకుంటే పద్నాలుగు రోజులు పట్టింది. ఇద్దరి బస్సు ఛార్జీలూ, లాడ్జీ, భోజనాలూ కలిపి నూట పన్నెండు రూపాయలైంది. దానిలో తొంభై ఒకటికి మాత్రమే మంజూరు లభించింది, గట్కకు రసీదు లేదు. సారు బరువు నాలుగు కిలోలు తగ్గింది. మందు సీసా ఒకటి బస్సులో పగిలింది. టిఫిన్ క్యారియర్ మూత ఒకటి దవాఖానలో పోయింది. ముగ్గురు కావలసినచోట ఇద్దరే బయానా కట్టారు. ఏప్రిల్ ఒకటిన వర్క్‌షాపు మూసివేశారు.